గోడ మీద ఇటుకలు లెక్కపెట్టొచ్చు, మొహం మాత్రం మసక: పెద్ద ఫిల్మ్ కెమెరాలో ఫోకస్ ఎక్కడ తప్పుతుంది?

ఒడిశాలోని బరంపురంలో ఠాకురాణి యాత్ర, అంటే అమ్మవారి జాతర, రెండేళ్లకోసారి జరుగుతుంది. అప్పుడు వీధికి నలుగురైనా ఏదో ఒక వేషం కడతారు. పోయిన యాత్రలో పులి వేషం కట్టిన ఒక కుర్రాణ్ణి మా వీధి చివర ఇటుక గోడ ముందు నిలబెట్టి, 4×5 చెక్క కెమెరాతో ఫొటో తీశాను. కెమెరాకీ వాడికీ మధ్య మూడు మీటర్లు. గోడ వాడి వెనక అరమీటరు పైచిలుకు. నల్లగుడ్డ కింద దూరి, వాడి కనుబొమ్మల మీద గీసిన చారలు విడివిడిగా కనబడేదాకా ఫోకస్ తిప్పి, బిగించి, ఫిల్మ్ ఉన్న హోల్డర్ పెట్టి, షట్టర్ నొక్కాను. మర్నాడు కడిగి ఆరబెట్టిన నెగటివ్‌ని మావయ్య కిటికీ వెలుతురుకి ఎత్తి పట్టుకున్నాడు.

"ఏటిరా ఇది? గోడ మీద ఇటికలు లెక్కెట్టొచ్చు గాని మొగం మాత్రం మసక!"

మావయ్య నలభై ఏళ్లు స్టూడియో నడిపిన మనిషి. ఆయన యథాలాపంగా అన్న ఆ ఒక్క మాటలోనే జబ్బేమిటో ఉంది. నాకది అప్పుడు తెలియలేదు. నెల రోజులు లెన్స్‌ని తిట్టుకుంటూ కూర్చున్నాను.

ఈమధ్య ఈ పాట్లు పడుతున్నది నేనొక్కణ్ణే కాదు. గంజాం జిల్లా 1936 దాకా మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండేది. ఇచ్ఛాపురం నుంచి బరంపురం, ఛత్రపురం దాకా, అటు పర్లాకిమిడి వైపు కూడా తెలుగువాళ్ల స్టూడియోలు చాలానే నడిచాయి. డిజిటల్ వచ్చాక అవి మూతపడ్డాయి. అటకెక్కిన కెమెరాలను ఇప్పుడు మనవలు దించుతున్నారు. కొందరు ఆన్‌లైన్‌లో పాతవి కొంటున్నారు. తుడిచి, ఫిల్మ్ వేసి, మొదటి షీటు కడగ్గానే అందరి నోటా వచ్చే మాట ఒకటే: "ఫోకస్ రావట్లేదు." ఆ మాట వెనక కనీసం అరడజను వేర్వేరు కారణాలు ఉండొచ్చు. ఒకదానికి చేసే వైద్యం ఇంకోదానికి పనికిరాదు.

మసక ఒకటే, జబ్బులు వేరు

లార్జ్ ఫార్మాట్ అంటే 4×5 అంగుళాలు, లేదా దాని చుట్టుపక్కల, అంతకన్నా పెద్ద ఫిల్మ్‌ని ఒక్కో షీటుగా వాడే కెమెరా. మన స్టూడియోల్లో ఎక్కువగా కనిపించినవి 4¾×6½ అంగుళాల హాఫ్ ప్లేట్, 6½×8½ అంగుళాల ఫుల్ ప్లేట్. కేరళలోని ఆలప్పుళలో తయారైన వాగీశ్వరి చెక్క కెమెరాలను చాలామంది పాత ఫొటోగ్రాఫర్లు ఇప్పటికీ తలుచుకుంటారు. పేరేదైనా నిర్మాణం ఒకటే. ముందు లెన్స్ పట్టుకునే ఫ్రేము, వెనక ఇంకో ఫ్రేము, రెండింటి మధ్య బెల్లోస్, అంటే ముడుచుకుని సాగే మడతల గొట్టం.

ఫోన్ కెమెరాలో మనం చూసే బొమ్మా, రికార్డయ్యే బొమ్మా ఒకే సెన్సార్ మీద పడతాయి. ఇక్కడ అలా కాదు. మొదట, వెనక ఫ్రేములో ఉన్న గరుకు గాజు మీద, అంటే గ్రౌండ్ గ్లాస్ మీద, తలకిందులుగా పడిన బొమ్మను చూసి ఫోకస్ చేస్తాం. తర్వాత ఆ గాజును వెనక్కి జరిపి, దాని చోట్లోకి ఫిల్మ్ హోల్డర్ దూరుస్తాం. చూసేది ఒక పలక మీద, తీసేది ఇంకో పలక మీద. ఆ రెండూ సరిగ్గా ఒకే చోటుకి వస్తాయన్న నమ్మకం మీదే ఈ పద్ధతంతా నడుస్తుంది.

అందుకే మసక నెగటివ్ చేతికొస్తే లెన్స్ వైపు చూడకముందు నెగటివ్‌నే ఒక ప్రశ్న అడగాలి: "నీలో ఎక్కడైనా షార్ప్‌గా ఉందా?" మనం అనుకున్న చోట కాకుండా దాని వెనకో ముందో షార్ప్‌గా ఉంటే, గాజూ ఫిల్మూ ఒకే చోట లేవు. ఒక పక్క షార్ప్, ఇంకో పక్క మసక అయితే రెండు ఫ్రేములు సమాంతరంగా లేవు. నడుమ ఒక్కచోటే మసక అయితే ఫిల్మ్ ఉబ్బింది. ఎక్కడా షార్ప్ లేకపోతే కెమెరా కదిలింది, లేదా లెన్స్‌లోనే ఏదో ఉంది. దూరంగా కొండ మీద ఫోకస్ చేసిన ఫొటోలో ఇంకో అవకాశం కూడా ఉంది. అది కాసేపట్లో.

గాజు ఉన్న చోటే ఫిల్మ్ ఉండాలి

4×5 హోల్డర్లకు ఒక ప్రామాణిక కొలత ఉంది. కెమెరా వెనక భాగానికి ఆనుకునే హోల్డర్ ముఖం నుంచి లోపల ఫిల్మ్ ఆనే పలక వరకు లోతు 0.197 అంగుళం, అంటే 5 మిల్లీమీటర్లు. దీనికి 0.007 అంగుళం అటూ ఇటూ ఉండొచ్చు. షీట్ ఫిల్మ్ మందం కూడా ఇంచుమించు అంతే, 0.18 మిల్లీమీటరు. కాబట్టి ఫిల్మ్ పైముఖం దాదాపు 4.8 మిల్లీమీటర్ల లోతులో ఉంటుంది. గ్రౌండ్ గ్లాస్ గరుకు ముఖం కూడా అంతే లోతులో ఉండాలి. 8×10 హోల్డర్‌కి ఈ లోతు 0.260 అంగుళం.

పాత చెక్క హాఫ్ ప్లేట్ కెమెరాల సంగతి వేరు. వాటి హోల్డర్లను చాలావరకు ఆ కెమెరాకే అమర్చి చేసేవారు. ఒక స్టూడియో హోల్డర్ ఇంకో స్టూడియో కెమెరాలో దూరినంత మాత్రాన లోతు కలుస్తుందని లేదు. పైగా అవి గాజు ప్లేట్ల కోసం చేసినవి. ప్లేటు మందం ఒక మిల్లీమీటరు పైనే ఉంటుంది. అందులో ఫిల్మ్ పెట్టాలంటే పల్చటి రేకుతో చేసిన షీత్ కావాలి. షీత్ దొరక్క వెనక అట్టముక్క పెట్టి ఫిల్మ్ బిగిస్తే, అట్ట వంగినట్టల్లా ఫిల్మ్ వంగుతుంది.

రెండు మిల్లీమీటర్ల అద్దం చేసిన పని

ఇక మా పులి దగ్గరకొద్దాం. యాత్రకు ముందు పర్లాకిమిడి నుంచి బస్సులో వస్తుంటే కెమెరా గ్రౌండ్ గ్లాస్ పగిలింది. ఫొటో ఫ్రేములు కట్టే షాపులో 2 మిల్లీమీటర్ల గరుకు గాజు కోయించి బిగించుకున్నాను. గరుకు ముఖం లెన్స్ వైపు ఉండాలి. నేను నున్నటి ముఖాన్ని లోపలికి పెట్టాను, గరుకుది నా వైపు ఉంది. బొమ్మ గరుకు ముఖం మీదే కనిపిస్తుంది కాబట్టి గుడ్డ కింద నాకు ఏ తేడా తెలియలేదు. బొమ్మ చక్కగా షార్ప్‌గా ఉంది.

లెక్క ఇలా సాగుతుంది. గరుకు ముఖం ఉండాల్సిన చోటుకి 2 మిల్లీమీటర్లు వెనక్కి పోయింది. అయితే వెలుతురు ఇప్పుడు గాజు గుండా ప్రయాణించి ఆ ముఖాన్ని చేరుతోంది. గాజు గుండా వెళ్లే కిరణాలు గాజు మందంలో దాదాపు మూడో వంతు దూరం వెనక్కి జరిగి కలుస్తాయి. అంటే 0.67 మిల్లీమీటరు దానంతటదే సర్దుకుంది. మిగిలిన తప్పు 1.33 మిల్లీమీటర్లు. అంటే ఫిల్మ్, బొమ్మ షార్ప్‌గా పడే చోటుకన్నా 1.33 మిల్లీమీటర్లు లెన్స్‌కి దగ్గరగా కూర్చుంది.

అంత చిన్న తేడా బయట ఎంత అవుతుంది? నాది 150 మిల్లీమీటర్ల లెన్స్. మూడు మీటర్ల దూరంలోని మొహం బొమ్మ లెన్స్‌కి 157.9 మిల్లీమీటర్ల వెనక పడుతుంది. ఫిల్మ్ మాత్రం 156.56 దగ్గర ఉంది. ఆ దూరానికి సరిపోయే వస్తువు ఎక్కడుందో లెక్కేస్తే 3.58 మీటర్లు వస్తుంది. పులి కన్నా 58 సెంటీమీటర్లు వెనక. అక్కడ ఉన్నది గోడే. ఇటుకలు లెక్కపెట్టగలగడానికి కారణం అది.

ఇందాక వదిలేసిన కొండ సంగతి ఇక్కడే తేలుతుంది. ఇదే కెమెరాతో చాలా దూరంలోని కొండ మీద ఫోకస్ చేసి ఉంటే ఫిల్మ్ లెన్స్‌కి 148.67 మిల్లీమీటర్ల దూరంలో ఉండేది. 150 కన్నా దగ్గర. ఆ చోట ఫోకస్ అయ్యే వస్తువు లోకంలో ఎక్కడా ఉండదు. నెగటివ్‌లో ఎక్కడా షార్ప్ లేదు కాబట్టి లెన్స్ పోయిందని తీర్పిచ్చేసేవాణ్ణి. అందుకే దగ్గరి వస్తువులతో చేసే పరీక్షలో నిజం బయటపడినంత త్వరగా కొండలతో పడదు.

ఏది గరుకు ముఖమో తెలుసుకోవడం తేలిక. వేలు తడి చేసి అద్దం మూల అద్దితే, గరుకు వైపు తడి తగిలిన చోట అద్దం తేటపడి అవతలివి కనిపిస్తాయి. నున్నటి వైపు అలా జరగదు. నాకు ఈ సంగతి చెప్పింది ఫ్రేముల షాపతను. నెల రోజుల తర్వాత!

అదే కెమెరా గ్రూప్ ఫొటో బాగానే తీసింది

నన్ను తప్పుదారి పట్టించింది ఇదే. గాజు మార్చిన వారానికే ఒక ఇంటి ముందు పదిమందిని నిలబెట్టి గ్రూప్ తీశాను. అది శుభ్రంగా వచ్చింది. కెమెరాలో తప్పుంటే అదెలా వచ్చింది?

సమాధానం అపర్చర్‌లో, అంటే లెన్స్‌లో వెలుతురు దూరే రంధ్రంలో ఉంది. ఎఫ్ అంకె పెరిగేకొద్దీ ఆ రంధ్రం చిన్నదవుతుంది. గ్రూప్ ఎండలో ఎఫ్ 22 దగ్గర తీశాను. పులిని చీకటి పడుతున్న వేళ ఎఫ్ 5.6 దగ్గర తీశాను. ఫిల్మ్ తప్పు చోట ఉన్నప్పుడు ఒక చుక్క చుక్కలా పడదు, చిన్న వృత్తంలా పరుచుకుంటుంది. ఆ వృత్తం సైజు అపర్చర్ మీద ఆధారపడుతుంది. 1.33 మిల్లీమీటర్ల తప్పుకి ఎఫ్ 5.6 దగ్గర అది దాదాపు 0.23 మిల్లీమీటరు, ఎఫ్ 22 దగ్గర 0.06 మిల్లీమీటరు. 4×5 నెగటివ్‌కి సాధారణంగా 0.1 మిల్లీమీటరు వరకు షార్ప్ కింద లెక్కేస్తారు. కాబట్టి ఒకే తప్పు ఒక ఫొటోలో దాక్కుంది, ఇంకో ఫొటోలో దొరికిపోయింది.

దీన్ని తిప్పి చదివితే మంచి ఆనవాలు దొరుకుతుంది. బాగా మూసిన అపర్చర్‌తో తీసినవన్నీ బాగుండి, తెరిచి తీసినవే మసకగా ఉంటే, అనుమానించాల్సింది గాజు, హోల్డర్, ఫోకస్ చేసిన తీరు. పూర్తిగా తెరిస్తే మెత్తబడే పాత లెన్స్‌లూ ఉన్నాయి కాబట్టి లెన్స్ పూర్తిగా నిర్దోషి అనలేం. కానీ లెన్స్ మెత్తదనమైతే గోడ కూడా మెత్తగానే ఉండాలి కదా.

స్టూడియోలు నడిచిన రోజుల్లో ఈ లోపాలు పెద్దగా బయటపడకపోవడానికి కూడా ఇదో కారణమని నాకనిపిస్తుంది. చాలావరకు కాంటాక్ట్ ప్రింట్లే. నెగటివ్ ఎంతో ప్రింటు అంత. ఇప్పుడు అదే నెగటివ్‌ని స్కాన్ చేసి మానిటర్ మీద వంద శాతం పెద్దది చేసి చూస్తున్నాం. తాతల కాలంలో ఎవరూ అంత దగ్గరగా చూడలేదు.

ఫ్రెనెల్ ఎటువైపు?

గ్రౌండ్ గ్లాస్ మూలలు చీకటిగా ఉంటాయని చాలామంది ఫ్రెనెల్ అనే పల్చటి ప్లాస్టిక్ పలక తగిలిస్తారు. గీతలు గీతలుగా ఉంటుంది. దీన్ని ఎటు పెట్టాలన్నది పాత తగువు.

ఒక వర్గం గాజుకి బయట, అంటే చూసేవాడి వైపే పెట్టాలంటుంది. అలా పెడితే ఫోకస్ తలం ఇంచు కూడా కదలదు, కాబట్టి భయం లేదు. ఇంకో వర్గం లోపల, లెన్స్ వైపు పెడితే బొమ్మ సమంగా, ఇంకాస్త బాగా కనిపిస్తుందంటుంది. కొన్ని కెమెరాలు తయారయ్యిందే అలా. రెండూ నిజమే. గొడవంతా మధ్యలో మార్చినప్పుడు వస్తుంది. లోపల ఫ్రెనెల్ కోసం చోటు వదలని కెమెరాలో 1.5 మిల్లీమీటర్ల ఫ్రెనెల్ దూరిస్తే, గాజు వెనక్కి నెట్టుకుపోయి దాదాపు ఒక మిల్లీమీటరు తప్పు పడుతుంది. మా అద్దం కథే మళ్లీ, గోడ షార్ప్ అవుతుంది. ఫ్రెనెల్‌తోనే తయారైన కెమెరాలోంచి దాన్ని తీసేసి గాజును దాని చోట పెడితే అదే తప్పు తిరగబడుతుంది, మనిషి ముందున్న వస్తువు షార్ప్ అవుతుంది. పాత కెమెరా కొన్నప్పుడు ముందటి యజమాని ఏం తీశాడో ఏం పెట్టాడో మనకు తెలియదు. ఆ కెమెరా నమూనా అసలు ఎలా వచ్చిందో కనుక్కోవడమే దారి.

ఫిల్మ్ కుదురుగా కూర్చుంటుందా

గాజు సరిగ్గానే ఉన్నా ఫిల్మ్ చెడగొట్టొచ్చు. చీకట్లో తడుముకుంటూ హోల్డర్‌లోకి ఫిల్మ్ ఎక్కిస్తాం. రెండు అంచులకూ గాడి ఉంటుంది. ఫిల్మ్ ఆ గాడి కింద దూరాలి. ఒక అంచు గాడి మీదికెక్కితే ఆ వైపంతా లేచి ఉంటుంది. నెగటివ్‌లో ఒక అంచు వెంబడి మాత్రమే మసక కనిపిస్తే, పైగా ఆ అంచున గాడి నీడ పడని తేడా కూడా ఉంటే, ఇంకేం వెతకక్కర్లేదు.

చెమ్మ సంగతి సముద్రం దగ్గర ఉండేవాళ్లకు చెప్పక్కర్లేదు. గోపాల్‌పూర్ ఒడ్డున మే నెలలో చొక్కా కూడా ఆరదు. ఏసీ గదిలో పొడిగా ఉన్న ఫిల్మ్‌ని అక్కడికి తీసుకెళ్లి డార్క్ స్లైడ్ (ఫిల్మ్‌కి వెలుతురు తగలకుండా మూసే పలక) లాగితే, గాలి తగలగానే ఫిల్మ్ కాస్త ఉబ్బుతుంది. కొందరు స్లైడ్ లాగాక అర నిమిషం ఆగి షట్టర్ నొక్కుతారు, కదలాల్సిందేదో ముందే కదిలిపోనీ అని. ఇంకొందరు ఆగితేనే ఎక్కువ ఉబ్బుతుందని, లాగిన వెంటనే నొక్కుతారు. నా అనుభవంలో చిన్న 4×5 షీటుకి ఈ తేడా పెద్దగా కనిపించలేదు. 8×10 లాంటి పెద్ద షీటుకి, అదీ తెరిచిన అపర్చర్ దగ్గర, కనిపించొచ్చు. కెమెరాను నేల వైపు వంచి తీసినప్పుడు మాత్రం ఫిల్మ్ తన బరువుకే నడుమ జారుతుంది. ఈ సంగతిలో ఎవరికీ భేదాభిప్రాయం లేదు.

ఖర్చు తగ్గించుకోవడానికి చాలామంది ఎక్స్‌రే ఫిల్మ్ కోసుకుని వాడుతున్నారు. నేనూ వాడతాను. ఇందులో ఒక చిక్కుంది. మామూలు ఎక్స్‌రే ఫిల్మ్‌కి రెండు వైపులా రసాయనపు పూత ఉంటుంది. ముందు పూత మీద బొమ్మ షార్ప్‌గా పడ్డా, వెలుతురు అడుగు ప్లాస్టిక్ గుండా దాటి వెనక పూత మీద ఇంకో బొమ్మ వేస్తుంది, అది కొంచెం చెదిరి ఉంటుంది. రెండూ కలిసి తెల్లటి వస్తువుల చుట్టూ మెత్తటి వెలుగు పరుచుకుంటుంది. దీన్ని ఫోకస్ తప్పు అనుకుని కెమెరా విప్పేసినవాళ్లున్నారు. ఒక వైపే పూత ఉన్న రకం వాడితేనో, వెనక పూతను బ్లీచ్‌తో కరిగించేస్తేనో తేడా వెంటనే తెలుస్తుంది.

వరసలో ఒక చివర షార్ప్, ఇంకో చివర మసక

పెద్ద కెమెరాలో ముందు ఫ్రేముని వంచొచ్చు, పక్కకు తిప్పొచ్చు. వంచడాన్ని టిల్ట్, పక్కకు తిప్పడాన్ని స్వింగ్ అంటారు. కావాలని చేస్తే ఇది వరం. ఆస్ట్రియా సైన్యాధికారి థియోడర్ షైమ్‌ప్‌ఫ్లూగ్ 1904లో, లెన్స్‌ని వంచితే షార్ప్‌గా ఉండే తలం కూడా వాలుతుందన్న ఈ సూత్రం మీద పేటెంట్ తీసుకున్నాడు, అతని పేరే దానికి నిలిచింది. తెలియకుండా జరిగితే మాత్రం ఇదే పెద్ద తలనొప్పి.

ఒక్క డిగ్రీ ఎంత పని చేస్తుందో చూడండి. 150 మిల్లీమీటర్ల లెన్స్‌ని ఒక డిగ్రీ తిప్పితే, షార్ప్‌గా ఉండే తలం లెన్స్‌కి పక్కగా 8.6 మీటర్ల దూరంలో ఉన్న ఒక గీతను బందుగా చేసుకుని తలుపులా తిరుగుతుంది. మనుషుల వరస కూడా కెమెరాకి 8.6 మీటర్ల దూరంలోనే ఉందనుకోండి. అప్పుడు షార్ప్ తలం వరసకు 45 డిగ్రీల వాలుగా ఉంటుంది. నడుమ నిలబడ్డ పెళ్లికొడుకు బాగుంటాడు. మూడు మీటర్లు ఎడమన కూర్చున్న తాతగారి దగ్గర ఫోకస్ ఆయనకు మూడు మీటర్లు ముందు పడుతుంది. కుడి చివర మూడు మీటర్లు వెనక. ఎఫ్ 22 మళ్లీ చాలావరకు కప్పిపుచ్చుతుంది, ఎఫ్ 5.6 దగ్గర దొరికిపోతుంది. ఒక డిగ్రీ అంటే కంటికి కనిపించేది కూడా కాదు. అరిగిన చెక్క గాడి, బిగుతు వదిలిన స్క్రూ చాలు. నడుమ సున్నా దగ్గర టక్కుమని ఆగే ఏర్పాటున్న కెమెరాల్లో కూడా ఆ సున్నా నిజంగా సున్నా అని నమ్మక్కర్లేదు. ముందు వెనక ఫ్రేముల మధ్య నాలుగు మూలలా స్కేలు పెట్టి కొలిస్తే తెలిసిపోతుంది.

తెరిచి ఫోకస్ చేయాలా, మూశాక చేయాలా

మావయ్య తరం వాళ్లంతా పూర్తిగా తెరిచి ఫోకస్ చేసి, తర్వాత అపర్చర్ మూసేవారు. ఇందులో న్యాయముంది. తెరిస్తే వెలుతురెక్కువ, షార్ప్‌గా ఉండే లోతు తక్కువ, కాబట్టి కచ్చితమైన చోటు పట్టుకోవడం తేలిక. కొత్త తరం లెన్స్‌లకు ఈ పద్ధతి చక్కగా సరిపోతుంది.

దీనికి ఒప్పుకోనివాళ్లు పాత లెన్స్‌ల్ని చూపిస్తారు. కొన్నింట్లో గాజు అంచుల గుండా వచ్చే కిరణాలూ, నడుమ గుండా వచ్చేవీ ఒకే చోట కలవవు. అపర్చర్ మూయగానే అంచు కిరణాలు ఆగిపోతాయి, ఫోకస్ కొంచెం జరుగుతుంది. డాగోర్ అనే పాత లెన్స్‌కి ఈ గుణం ఉందని బాగా పేరు. ముందు భాగం తీసేసి వెనక భాగంతోనే ఫొటో తీయడానికి వీలున్న కన్వర్టిబుల్ లెన్స్‌ల్లో ఇది ఇంకా ఎక్కువ. అలాంటివాటిని ఫొటో తీయబోయే అపర్చర్ దగ్గరే ఫోకస్ చేయాలి. గాజు మీద చీకటిగా ఉంటుంది, కష్టమే. లెన్స్ ఏదో తెలియకుండా ఏ వర్గం మాట పట్టుకున్నా సగం సార్లు తప్పే.

కంటిని కూడా కొంచెం అనుమానించాలి. నలభై దాటాక గుడ్డ కింద కళ్లజోడు పెట్టుకోవాలా తీయాలా అన్నది నా సొంత టెన్షన్. భూతద్దాన్ని గాజు మీద ఆన్చి చూస్తున్నప్పుడు, అది గరుకు ముఖాన్ని కాకుండా దానికి ముందో వెనకో గాల్లో తేలే బొమ్మను చూపిస్తుండొచ్చు. కుర్రకళ్లు తమంతట తామే సర్దుకుంటాయి కాబట్టి వాళ్లకి తెలియనే తెలియదు. గరుకు ముఖం మీద పెన్సిల్‌తో సన్నటి గీత గీసి, ఆ గీత షార్ప్‌గా కనిపించేలా భూతద్దాన్ని ముందే సర్దుకుంటే ఈ గోల ఉండదు.

ఫోకస్‌కి సంబంధం లేని మసకలు

వీటిని త్వరగా దాటేయొచ్చు. కెమెరా కదిలితే ప్రతి చుక్కా ఒకే దిక్కుకి సాగుతుంది. చుక్క గుండ్రంగా పరుచుకుంటే ఫోకస్, గీతలా సాగితే కుదుపు. సముద్రపు గాలికి బెల్లోస్ తెరచాపలా ఊగుతుంది. మనిషి కదిలితే మనిషి మాత్రమే మసకగా ఉంటాడు. హోల్డర్ దూర్చేటప్పుడు ముందు ఫ్రేము బిగింపు వదులైతే ఫోకస్సే జరిగిపోతుంది. అది ఒక ఫొటోకి వస్తుంది, ఇంకో ఫొటోకి రాదు. ఎప్పుడూ ఒకేలా ఉండే తప్పుకి కారణం కొలతల్లో వెతకాలి, అప్పుడప్పుడూ వచ్చే తప్పుకి కారణం చేతుల్లో వెతకాలి.

మన వైపు లెన్స్‌ల్లో బూజు మామూలే. అది బొమ్మను తెల్లగా, పేలవంగా చేస్తుంది గాని, అంచులు కనిపిస్తూనే ఉంటాయి. శుభ్రం చేయించాక ముందు గాజు పూర్తిగా బిగించకపోయినా, మధ్యలోని పల్చటి రింగు మరిచిపోయినా ఎక్కడా షార్ప్ రాదు. అపర్చర్‌ని మరీ ఎఫ్ 64 దాకా మూస్తే వివర్తనం (సన్నటి రంధ్రం గుండా వెళ్లే వెలుతురు చెదరడం) వల్ల ఒక్కో చుక్క 0.09 మిల్లీమీటరు దాకా పరుచుకుంటుంది. కాంటాక్ట్ ప్రింట్‌లో తెలియదు, నాలుగు రెట్లు పెద్దది చేస్తే తెలుస్తుంది.

నెగటివ్ బాగానే ఉండి ప్రింటు మసకగా ఉండే కేసులు కూడా తక్కువేం కాదు. ప్రింటులో ఫిల్మ్ గ్రెయిన్, అంటే ఫిల్మ్ పూతలోని సన్నటి రేణువులు, షార్ప్‌గా ఉండి బొమ్మ మసకగా ఉంటే తప్పు కెమెరాది. గ్రెయిన్ కూడా మసకైతే తప్పు ఎన్‌లార్జర్‌ది, అంటే నెగటివ్‌ని పెద్దది చేసి ప్రింటు వేసే యంత్రానిది. స్కానర్‌కీ ఇదే లెక్క. ఫిల్మ్‌ని అద్దం నుంచి ఎంత ఎత్తులో పట్టుకున్నామన్నది అక్కడ ఫోకస్‌ని మారుస్తుంది.

అగ్గిపెట్టెలా, వెర్నియరా

తప్పుని తేల్చడానికి రెండు దారులున్నాయి. వర్క్‌షాప్ మనుషులు కొలవమంటారు. కెమెరా వెనక ఒక నిక్కచ్చి స్కేలు అడ్డంగా ఆన్చి, సన్నటి కొలతలు తీసే వెర్నియర్ కాలిపర్ తోకతో గరుకు ముఖం దాకా లోతు చూడటం, హోల్డర్‌లో పాత ఫిల్మ్ ముక్క పెట్టి దాని దాకా లోతు చూడటం, రెండూ పోల్చడం. ఒక్క షీటూ ఖర్చు కాదు. అయితే చెక్క కెమెరా మీద స్కేలు ఎక్కడ ఆన్చామన్న దాని మీద కొలత మారుతుంటుంది. వెర్నియర్ తోకను కాస్త నొక్కితే ఫిల్మ్ లోపలికి పోతుంది. పైగా లోపల ఫ్రెనెల్ ఉంటే ఈ కొలత నేరుగా సరిపోదు, ప్లాస్టిక్ గుండా వెలుతురు జరిగినంత తీసేసి లెక్కేసుకోవాలి.

ఫొటోగ్రాఫర్లు ఫొటో తీసే చూడమంటారు. నేను మా అరుగు మీద తొమ్మిది అగ్గిపెట్టెలు నిలబెట్టాను. ఒకదాని వెనక ఒకటి, రెండేసి సెంటీమీటర్ల తేడాతో, కొంచెం పక్కకి జరుపుతూ. కెమెరాకి సరిగ్గా మీటరు దూరంలో ఐదోది. దాని మీద అచ్చక్షరాలు చదవగలిగేలా ఫోకస్ చేసి, ఎఫ్ 5.6 దగ్గర ఎక్స్‌రే ఫిల్మ్ ముక్క మీద తీశాను. 150 లెన్స్‌తో మీటరు దూరంలో ఒక అగ్గిపెట్టె తేడా అంటే ఫిల్మ్ దగ్గర సుమారు 0.6 మిల్లీమీటరు. వెనక పెట్టె షార్ప్ అయితే ఫిల్మ్ లెన్స్‌కి దగ్గరగా ఉన్నట్టు, ముందుది షార్ప్ అయితే దూరంగా ఉన్నట్టు. ఈ పరీక్షలో కన్ను, భూతద్దం, గాజు, హోల్డర్, ఫిల్మ్ అన్నీ కలిసే తేలతాయి. అదే దాని బలం, అదే బలహీనత కూడా. తప్పుందని చెప్తుంది, ఎవరిదో చెప్పదు. అందుకే రెండు పరీక్షలూ వైరివర్గాలన్న వాదన నాకు నచ్చదు. అగ్గిపెట్టెలు తప్పెంతో చెప్తాయి, వెర్నియర్ అది ఎక్కడుందో చూపిస్తుంది.

నాకు ఏడో అగ్గిపెట్టె షార్ప్‌గా వచ్చింది. ఐదు కాదు, ఏడు. రెండు పెట్టెల తేడా, అంటే దాదాపు 1.2 మిల్లీమీటర్లు. అప్పుడు వెర్నియర్ తీసి, గాజు విప్పి, వేలు తడి చేసి మూల అద్దాను. నా వైపు ముఖం తేటపడింది.

గాజు తిప్పి బిగించి, ఆరు హోల్డర్లతో మళ్లీ అదే వరస తీశాను. ఐదింట్లో ఐదో పెట్టే షార్ప్. నాలుగో హోల్డర్‌లో మాత్రం నాలుగో పెట్టె. దాని చెక్క ఒక మూల లేచి, కెమెరా వీపుకి సరిగ్గా ఆనట్లేదు. దాని మీద మా ఆవిడ ఎర్ర నెయిల్ పాలిష్‌తో ఇంటూ గుర్తు వేసి పక్కన పెట్టాను. గోడ అక్కడే ఉంది. పులి కావాలంటే మాత్రం వచ్చే యాత్ర దాకా ఆగాలి.